పలకరించిన వాల్వులు

మా అణు పవర్ స్టేషనులో ఆయన్ని అందరూ సున్నా మేస్త్రి అనేవాళ్ళు. వెక్కిరింపు కాదు, బిరుదే. వాల్వుల మరమ్మతు సెక్షనుని పదిహేనేళ్ళు ఆయనే నడిపించారు. అన్నేళ్ళలో పరీక్షకి పెట్టిన వాల్వు ఒక్కటి కూడా మొండికెయ్యలేదు. నెలనెలా గోడకి అంటించే కాగితంలో పంపుల సెక్షను ఎదుట మూడు, కరెంటు సెక్షను ఎదుట అయిదు అని లోపాల లెక్క మారుతూ ఉండేది. వాల్వుల వాళ్ళ ఎదుట ఎప్పుడూ సున్నాయే. మిగతా సెక్షన్ల వాళ్ళు కుళ్ళుకుని ఆ పేరు పెట్టారు, ఆ తర్వాత గౌరవంగానే పిలవడం మొదలెట్టారు.

నేను కమిటీల్లో మినిట్స్ రాసే ఉద్యోగిని. ఎవరేమన్నారో రాయడం నా పని, ఎవరేమని ఉంటే బాగుండేదో రాయడం కాదు. ఈ చిన్న తేడా ఇంజనీర్ల తలకెక్కదు. మీటింగు అవగానే నా బల్ల చుట్టూ మూగి, నేనన్నది అలా కాదండీ అంటూ నసుగుతారు. నేను దిద్దను. ఆ కారణంగా నాకు టెక్కు ఎక్కువని పేరు, ఉంటే ఉండనీ.

మేస్త్రిగారి క్వార్టరూ మాదీ ఒకే గోడకి అటూ ఇటూ. అంచేత ఈ సంగతి నాకు మీటింగు గదిలో సగం తెలిసింది, మిగతా సగం ఆయన భార్య చెప్పింది. ఆవిడని నేను వదినా అంటాను.

మేస్త్రిగారు రిటైరై నాలుగేళ్ళు దాటాక, కొత్తగా రెండు అణు విద్యుత్ కేంద్రాలు కట్టాలని పైవాళ్ళు నిర్ణయించారు. ఎలాంటి రియాక్టరయితే భద్రంగా ఉంటుందో తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. ఏడుగురిలో ఒకరు చేత్తో పని చేసిన మనిషై ఉండాలని నిబంధన. ఎవరిని వెయ్యాలన్న చర్చ రెండు నిమిషాలు కూడా సాగలేదు. సున్నా మేస్త్రి ఉండగా ఇంకొకరెందుకు అన్నారు.

ఆయన మొదటి మీటింగుకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో సొంత పెన్సిలు పెట్టుకుని వచ్చారు. బల్ల మీద కమిటీవాళ్ళు పెట్టిన పెన్ను ముట్టుకోలేదు. నాలుగు మీటింగుల్లో ఆయన మాట్లాడింది రెండే రెండుసార్లు. ఒకసారి కిటికీ వెయ్యమన్నారు, ఒకసారి వాల్వు లోపలి తలుపు బరువెంతని అడిగారు. రెండో ప్రశ్నకి జవాబు గదిలో ఎవరికీ తెలియదు.

కమిటీ ముందున్న సమస్య వినడానికి పెద్దది గానీ చెప్పడానికి చిన్నదే. రియాక్టరు ఆపేసినా లోపల వేడి పుడుతూనే ఉంటుంది. రోజుల తరబడి నీళ్ళు పంపి చల్లార్చాలి. ఒక రకం రియాక్టరులో ఆ నీళ్ళని పంపులు తోస్తాయి. కరెంటు పోతే డీజిల్ ఇంజన్లు ఆ పంపుల్ని తిప్పుతాయి, ఆ ఇంజన్లు రాకపోతే ఇంకో రెండు ఇంజన్లు. రెండో రకంలో ఇవేవీ లేవు. రియాక్టరు నెత్తిన పెద్ద నీళ్ళతొట్టి ఉంటుంది. అవసరం పడితే నీళ్ళు వాటంతటవే కిందికి దిగుతాయి. దారిలో అడ్డం ఒక వాల్వు, లోపల మడతబందు మీద వేలాడే ఇనప తలుపు. మామూలు రోజుల్లో అది మూసుకుని ఉండాలి, ఆపద రోజున పైనీళ్ళ బరువుకే తెరుచుకోవాలి. మోటారు లేదు, తీగ లేదు, మీట నొక్కే మనిషి లేడు.

మేస్త్రిగారు మొదట్నుంచీ రెండో రకం వైపే. ఆయన పడుచుతనంలో ఓ మధ్యాహ్నం మా స్టేషనుకి కరెంటు పోయింది, రెండు డీజిల్ ఇంజన్లూ మొరాయించాయి. మూడోది అందుకునేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆ పదకొండు నిమిషాలూ ఆయన ఇంజను గదిలోనే ఉన్నారు. ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పనిలేకుండా నీళ్ళు కిందికి పడతాయి, ఇంజన్ని మాత్రం బతిమాలుకోవాలి అని ఆయన నాతో ఒకసారి అన్నారు. చేత్తో పనిచేసే మనిషికి పంపులంటేనే మోజు ఉంటుందని మిగతా ఆరుగురూ అనుకున్నారు, పప్పులో కాలేశారు.

అయిదో మీటింగులో కొత్త డిజైను తరఫు ఇంజనీరు ఒక పట్టిక తెచ్చాడు. మనిషి మంచివాడే, కాకపోతే ప్రతి వాక్యానికీ ముందు గొంతు సవరించుకుంటాడు. ఆ వాల్వు తెరుచుకోకపోవడమన్నది ఎన్నిసార్లకి ఒకసారి జరుగుతుందో ఆ పట్టిక చెబుతుంది. రెండో రకం రియాక్టరు భద్రతంతా చివరికి ఆ ఒక్క అంకె మీదే నిలబడి ఉంది. ఆ అంకె రావడానికి అలాంటి వాల్వులే వాడుతున్న పాత స్టేషన్ల రికార్డులన్నీ తెప్పించారట. అన్నిట్లోకీ పెద్ద రికార్డు మాదే. మా స్టేషనులో అలాంటివి పన్నెండున్నాయి. ఏడాదిన్నరకి ఒకసారి స్టేషను ఆపినప్పుడు పరీక్షిస్తారు. పదమూడు విడతలు, నూటయాభై ఆరు పరీక్షలు, తెరుచుకోనివి సున్నా. మొదటి పది విడతల కాగితాల మీద మేస్త్రిగారి సంతకం, చివరి మూడింటి మీద ఆయన తర్వాత సెక్షను పెద్ద అయిన బావమరిది సంతకం.

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి మేస్త్రిగారి వైపు తిరిగి, మన మధ్యే ఇంత పనిమంతుణ్ణి పెట్టుకుని ఇన్నాళ్ళూ మాట్లాడించలేదు మనం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా పెన్ను పక్కన పెట్టి కొట్టాను. ఆయన మొహం చూస్తే మెచ్చుకున్నట్టు లేదు, ఎవరో కేకలేసినట్టుంది. టీ ముట్టుకోకుండా ఇంటికి వెళ్ళిపోయారు.

వాల్వుల సెక్షనులో ఒక అలవాటుండేది. ప్రతి వాల్వుకీ పక్కన బయటికి ఒక పిడి ఉంటుంది, లోపలి తలుపుకి అది కలిసి ఉంటుంది. పరీక్ష రోజు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు రాకముందే మేస్త్రి ఒక గుడ్డ పట్టుకుని పన్నెండు వాల్వుల దగ్గరికీ వెళ్ళి, దుమ్ము తుడిచి, ఒక్కొక్క పిడినీ ఒకసారి పైకెత్తి దించి వచ్చేవారు. దాన్ని వాళ్ళు పలకరించడం అనేవాళ్ళు. అన్నిటినీ పలకరించారా అని అడిగితే పలకరించాం అనేవాళ్ళు. ఆ తర్వాతే పరీక్ష. ఈ పద్ధతి మేస్త్రిగారికి ఆయన పై మేస్త్రి నేర్పారు, బావమరిదికి మేస్త్రిగారు నేర్పారు. ఇంట్లో చుట్టం వచ్చేముందు కుర్చీ తుడిచినట్టు చేసేవాళ్ళు గానీ, ఇందులో మోసమేదో ఉందని ఎవరికీ తట్టలేదు. దాచిపెట్టిందీ లేదు. ఎవరూ అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున మేస్త్రిగారు భార్యతో సంగతంతా చెప్పారు. వదినకి వాల్వులు తెలియవు గానీ మొగుడు తెలుసు. ఎన్నాళ్ళనుంచి మనసులో ఉందని అడిగింది. పట్టిక చూసిన క్షణం దాకా లేదు, చూసినప్పటినుంచీ ఇంకేమీ లేదు అన్నారాయన. ఏడాదిన్నర కదలకుండా పడి ఉన్న తలుపు మొదటిసారి నీళ్ళ బరువుకే కదులుతుందా లేదా అన్నదే పరీక్ష. ఆ మొదటి కదలిక నూటయాభై ఆరుసార్లూ చేతితోనే జరిగిపోయింది. నీళ్ళు తెరిచింది రెండోసారే.

బావమరిది ఆదివారాలు అక్క ఇంట్లో టీ తాగి, పై అధికారి మీద నాలుగు విసుర్లు విసిరి వెళ్ళడం మామూలు. ఆ రోజూ వచ్చాడు. సర్వీసు ఇంకా రెండేళ్ళుంది. ముక్కుసూటి మనిషి, పనిమంతుడు, సెక్షను పరువు తన పరువుగా చూసుకునేవాడు. బావ చెప్పిందంతా విని, మొదట నవ్వాడు. తర్వాత అతని నవ్వు పోయింది.

మాటకి మాట పెరిగింది. మన పాత స్టేషనులో ముందు రెండు వరసల పంపులున్నాయి, ఆ వాల్వులు మూడో ఆసరా, వాటి అవసరమే రాలేదు, రాదు కూడా అన్నాడు బావమరిది. కొత్తదాంట్లో అవే మొదటి ఆసరా, వెనక ఏమీ లేదు అన్నారు మేస్త్రిగారు. ఇదంతా గోడ ఇవతల నాకూ వినపడింది. వినకూడదనుకుని కుళాయి తిప్పాను, కాసేపటికి కట్టేశాను కూడా.

"మనమేం తప్పు చేశాం బావా? ఒక్క వాల్వయినా పాడైందా? చూసి చూసి ఇప్పుడు నా నోట్లో మన్ను కొడతావా?"

"తెరిచింది నీళ్ళో, నా చెయ్యో నాకు తెలీదురా. తెలీనిదాన్ని తెలుసని సంతకం పెట్టాను. దాన్ని నమ్ముకుని రేపు ఇంకో ఊళ్ళో కడతారు."

"నీకేం, రిటైరయిపోయావు. సెక్షన్లో ఉన్నది నేను."

బావమరిది చెప్పింది నిజమే. తప్పంతా తనదేనని చెబుదామంటే చివరి మూడు విడతల సంతకాలు అతనివి. చెప్పులేసుకుంటూ అతను అక్క వైపు చూశాడు, నువ్వయినా చెప్పు అన్నట్టు. వదిన కప్పులు తీస్తూ ఉండిపోయింది. తమ్ముడు వెళ్ళాక మాత్రం భర్త ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మీరు చెప్పకపోతే నాకు బాగుంటుందండీ. కానీ చెప్పొద్దని మాత్రం అనను."

ఆ మాట నాకు చెప్తూ వదిన మొహం పక్కకి తిప్పుకుంది. ఇరవై ఏళ్ళుగా తెలిసిన మనిషి, ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆరో మీటింగులో తీర్మానం చెయ్యడమే మిగిలింది. కొత్త డిజైను ఇంజనీరు మొహం వెలిగిపోతోంది. అధ్యక్షురాలు ఎవరికైనా అభ్యంతరాలున్నాయా అని మొక్కుబడిగా అడిగి, కాగితం తిప్పబోయారు. మేస్త్రిగారు లేచి నిలబడ్డారు. ఆ గదిలో ఎవరూ నిలబడి మాట్లాడరు, కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు.

"ఆ పట్టికలోంచి మా స్టేషను లెక్క తీసెయ్యాలండి," అన్నారు.

ఎందుకో చెప్పారు. గుడ్డతో దుమ్ము తుడవడం దగ్గర్నుంచి పిడి ఎత్తి దించడం దాకా, ఎవరు నేర్పారు, ఎవరికి నేర్పారు, ఏదీ వదల్లేదు. బావమరిది పేరు కూడా చెప్పేశారు. నూటయాభై ఆరులో ముందుగా పలకరించనివి ఎన్నని అధ్యక్షురాలు అడిగారు. ఒకటీ లేదండి అన్నారు.

కొత్త డిజైను ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. ఇది మనలో మనం మాట్లాడుకోవాల్సిన విషయం, మినిట్స్‌లోకి ఎక్కించనక్కర్లేదేమో అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను తలెత్తకుండా రాస్తూనే ఉన్నాను, అతనన్న ఆ మాటతో సహా. అధ్యక్షురాలు నా చేతివైపు చూసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాయండి అన్నారు. ఆవిడకి కోపం వచ్చింది. మోసపోయినందుకో, పోయినవారం చప్పట్లు కొట్టినందుకో నాకు తెలియదు. కానీ మేస్త్రిగారిని ఒక్క మాట అనలేదు.

తీర్మానం ఆగిపోయింది. మా స్టేషనుని మూడు వారాల్లో ఎలాగూ ఆపాల్సి ఉంది. అప్పుడు ఆ పన్నెండు వాల్వుల్నీ ఎవరూ తాకకుండా పరీక్షించాలని నిర్ణయించారు. మర్నాడే బయటి ఇన్‌స్పెక్టరు వచ్చి పిడులన్నిటికీ తీగ చుట్టి సీలు వేశాడు. బావమరిదిని విచారణ అయ్యేదాకా సెక్షనులోంచి తప్పించి, స్టోర్సులో ఒక కుర్చీ ఇచ్చారు. పని మాత్రం ఇవ్వలేదు. అతని కింద పనిచేసినవాళ్ళు దారిలో మేస్త్రిగారు కనబడితే చెప్పుల వైపు చూసుకుంటూ పోయారు. మూడు ఆదివారాలు అక్క ఇంటికి అతను రాలేదు. వదిన మాత్రం ఆదివారం పూట మూడో కప్పు తీసి పెట్టి, సాయంత్రానికి మళ్ళీ లోపల పెట్టేసేది. భర్తతో మాట్లాడేది, అన్నం పెట్టేది, తమ్ముడి ఊసెత్తేది కాదు. మేస్త్రిగారు ఆ మూడు వారాల్లోనే బాగా వడిలిపోయారు. సరిగ్గా చేసిన పనికి కూడా ఇంత శిక్ష ఉంటుందని నేను అంతవరకు అనుకోలేదు.

ఈ కమిటీ చివరికి ఏం తేల్చిందో ఇక్కడే చెప్పేస్తాను. రెండో రకం రియాక్టరునే ఎంచుకున్నారు, అయితే ఉన్నదున్నట్టు కాదు. ప్రతి దారికీ ఒకటి కాక రెండు వాల్వులు, అవీ వేరువేరు తయారీవి, ఒకే జబ్బు రెంటికీ రాకుండా. పరీక్షలో మొదటి కదలికే లెక్క, ముందుగా ఎవరైనా చెయ్యి వేస్తే ఆ పరీక్ష చెల్లదు. పాత పట్టికని చెత్తబుట్టలో వేశారు. కొత్త డిజైను ఇంజనీరే చివర్లో దగ్గరుండి ఈ నిబంధనలు రాయించాడు, ఆ మాట కూడా చెప్పకపోతే అన్యాయం. ఇవన్నీ కావడానికి ఏడు నెలలు పట్టింది. నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆ పరీక్ష రోజు సంగతి.

ఆ రోజు పొద్దున పదింటికి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళారు. బూట్ల మీద ఇంకో గుడ్డ బూట్లు, చొక్కాకి రేడియేషను కొలిచే బ్యాడ్జి. ఇన్‌స్పెక్టరు, కమిటీ తరఫున మేస్త్రిగారు, రాసుకోడానికి నేను. బావమరిదిని కూడా సాక్షిగా పిలిపించారు. అతను పసుపు గీత అవతల, మాకు పదడుగుల దూరంలో నిలబడ్డాడు. బావ వైపు చూడలేదు. స్టేషను ఆగి ఉన్నా ఆ గది వెచ్చగానే ఉంది. పన్నెండు వాల్వులు వరసగా, ఒక్కొక్కటీ గోనెబస్తా అంత. వాటి మీది దుమ్ము అలాగే ఉంది. ఎవరూ తుడవని దుమ్ము చూడ్డం మేస్త్రిగారికి అదే మొదటిసారి.

పైతొట్టి నీళ్ళు వదలగానే లోపలి తలుపు తెరుచుకుని దబ్బుమని చప్పుడవుతుంది. ఆరు సెకన్లలో కావాలి. మొదటిది రెండు సెకన్లకే అయింది. రెండు, మూడు, నాలుగు కూడా. అయిదోది కాస్త ఆలస్యం చేసింది గానీ తెరుచుకుంది. ఎనిమిదోది కూడా అయ్యేసరికి బావమరిది మెడ నిటారుగా అయింది. నాకు కూడా, నిజం చెప్పొద్దూ, ఇంత రాద్ధాంతం అనవసరంగా జరిగిందేమో అనిపించింది.

తొమ్మిదోది తెరుచుకోలేదు. ఆరు సెకన్లయ్యాయి, అర నిమిషమయింది. ఇన్‌స్పెక్టరు గడియారం పట్టుకుని మూడు నిమిషాలు ఆగాడు. నీళ్ళు తలుపు మీద నిలబడి ఉన్నాయి, తలుపు కదల్లేదు. మిగతా మూడూ తెరుచుకున్నాయి.

ఇన్‌స్పెక్టరు నీళ్ళు వెనక్కి పంపించి, తొమ్మిదోదాని పిడి సీలు తీయించాడు. బలం కొలిచే స్ప్రింగు తక్కెడ ఒకటి పిడికి తగిలించి, బావమరిదిని రమ్మన్నాడు. మీరు ఎప్పుడూ ఎలా చేసేవారో అలాగే చెయ్యండి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు అన్నాడు. బావమరిది గీత దాటి వచ్చి, తక్కెడ పట్టుకుని ఒక్కసారి పైకెత్తాడు. పిడి లేచింది. లోపల దబ్బుమని చప్పుడయింది. అతను కనీసం ఊపిరి బిగబట్టను కూడా లేదు.

ఇన్‌స్పెక్టరు తక్కెడ మీద అంకె చదివాడు. తొట్టి నీళ్ళు పెట్టగలిగే బలానికి అయిదు రెట్లు.

బావమరిది వంగి తనూ ఆ అంకె చూశాడు, పిడి వైపు చూశాడు. మూడు వారాల తర్వాత మొదటిసారి మేస్త్రిగారి వైపు తిరిగాడు.

"నా చేతికి బిగుతేమీ తగల్లేదు బావా. ఎప్పట్లాగే లేచింది."

"నాకూ అంతేరా," అన్నారు మేస్త్రిగారు. "ఎప్పుడూ తగల్లేదు."

ఇద్దరూ ఆ వాల్వు ముందు పక్కపక్కన నిలబడ్డారు. అది ఎన్నేళ్ళుగా అలా బిగుసుకుని ఉందని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఇద్దరూ తెలియదన్నారు, నేను అదే రాసుకున్నాను.